ఎస్‌డీఐ రౌటర్ కంట్రోల్: లైవ్ యూనిట్లకు సమగ్ర మార్గదర్శి

కడప, ప్రొద్దుటూరు, అనంతపురం వైపు లైవ్ పనులు చేసే యూనిట్లలో ఎస్‌డీఐ (కేబుల్ మీద డిజిటల్ వీడియో పంపే పద్ధతి) వీడియో రౌటర్, అంటే ఏ బొమ్మ ఏ స్క్రీన్‌కి పోవాలో మార్చే పెట్టె, కనపడటం ఇప్పుడు పెద్ద వింతేం కాదు. సెకండ్ హ్యాండ్‌లో ఇరవై ఇన్‌పుట్లు, ఇరవై అవుట్‌పుట్ల పెట్టె ఒకటి కొనుక్కొస్తారు, ర్యాక్‌లో బిగిస్తారు, వెనక బీఎన్‌సీలన్నీ (వీడియో కేబుల్ కనెక్టర్లు) తగిలిస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. కానీ దాన్ని నడపడం యూనిట్లో ఒక్కడికే తెలుసు, వాడు భోజనానికి వెళ్లిన టైములో స్క్రీన్ మీద వేరే కెమెరా కావాలని ఎవరైనా అడిగితే మిగతావాళ్లు టార్చి లైటు పట్టుకుని ర్యాక్ వెనక్కి దూరి కేబుల్ పీకి మారుస్తారు. ఆ మాత్రానికి రౌటర్ ఎందుకు?

ఇది అలాంటి యూనిట్ల కోసం రాస్తున్నది. మొదటి నుంచి చివరి దాకా నేను పట్టుకుని వేలాడే మాట ఒకటే: మీరు నొక్కిన బటన్‌ని నమ్మొద్దు, రౌటర్ తిరిగి ఏం చెప్పిందో దాన్ని నమ్మండి. రౌటర్ దగ్గర జరిగే గందరగోళంలో ఎక్కువ భాగం ఈ రెండింటికీ తేడా ఉందని మరిచిపోవడం వల్లే వస్తుంది.

ముందు పెట్టె లోపల ఏముందో

మిక్సర్ వేరు, రౌటర్ వేరు. మిక్సర్ బొమ్మను కలుపుతుంది, కరిగిస్తుంది, పైన పేర్లు వేస్తుంది. రౌటర్ బొమ్మను ముట్టుకోదు, వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టే ఇంకో చోటికి పంపుతుంది. ఇన్‌పుట్‌లో ఒక ఈక్వలైజర్ ఉంటుంది, కేబుల్‌లో నీరసపడ్డ సిగ్నల్‌ని అది నిలబెడుతుంది. మధ్యలో క్రాస్‌పాయింట్ మ్యాట్రిక్స్, అంటే ప్రతి ఇన్‌పుట్‌కీ ప్రతి అవుట్‌పుట్‌కీ మధ్య ఒక ఎలక్ట్రానిక్ స్విచ్. ఇరవై బై ఇరవై అంటే అలాంటివి 400. అవుట్‌పుట్‌లో రీక్లాకర్ బిట్ల టైమింగ్ సరిచేసి బయటికి తోస్తుంది.

మున్సిపాలిటీ నీళ్ల లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు: ఒక ట్యాంకు నుంచి ఎన్ని కుళాయిలకైనా నీళ్లు ఇవ్వొచ్చు, ఒక కుళాయికి మాత్రం ఒక సమయంలో ఒక ట్యాంకే. కెమెరా 3ని పది అవుట్‌పుట్లకు ఇచ్చినా దానికేం కాదు. కానీ ఒక అవుట్‌పుట్‌కి కొత్తది ఇచ్చిన క్షణంలో పాతది పోతుంది, "ఇది ఎవరికైనా కావాలా" అని రౌటర్ అడగదు.

రౌటర్ ఫార్మాట్ మార్చదు, ఇది కూడా ముందే తెలిసి ఉండాలి. ఎస్‌డీ సిగ్నల్ సెకనుకు 270 మెగాబిట్లు, హెచ్‌డీ 1.485 గిగాబిట్లు, త్రీజీ 2.97, ట్వెల్వ్‌జీ సుమారు 11.88 గిగాబిట్లు. 1080ఐ50 (సెకనుకు 50 సగం బొమ్మలు, వాటినే ఫీల్డులంటారు) లోపలికి వెళ్తే 1080ఐ50 బయటికి వస్తుంది. ఒక కెమెరా 1080పీ50లో (సెకనుకు 50 పూర్తి బొమ్మలు), మిగతావి 1080ఐ50లో ఉంటే రౌటర్ అన్నిటినీ చక్కగా దాటిస్తుంది, కానీ అవతల ఉన్న రికార్డర్ ఒకటి తీసుకుని ఇంకొకటి తీసుకోదు. తిట్లు మాత్రం రౌటర్‌కి పడతాయి.

మొదటి అడుగు: కాగితం, డెస్టినేషన్ల వైపు నుంచి

లాప్‌టాప్ తెరవకముందే కాగితం మీద రెండు జాబితాలు రాయండి. చాలామంది సోర్సులతో మొదలుపెడతారు, కెమెరా 1, కెమెరా 2 అంటూ. నేను డెస్టినేషన్లతో, అంటే బొమ్మ చేరే చోట్లతో, మొదలుపెట్టమంటాను, ఎందుకంటే పనిలో మనల్ని అడిగేవాడు ఎప్పుడూ "నా స్క్రీన్‌లో ఏం వస్తోంది" అనే అడుగుతాడు, "నీ కెమెరా ఎక్కడెక్కడికి పోతోంది" అని ఎవడూ అడగడు.

ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం లాంటి పని అనుకుందాం. పున్నమి రాత్రి, బయట జనం, వేదికకు దూరంగా ఉన్నవాళ్లకు కూడా కనపడాలి. అవుట్‌పుట్లు 1 నుంచి 6 దాకా మిక్సర్ ఇన్‌పుట్లు. 7 వేదిక ఎడమ వైపు ఎల్‌ఈడీ స్క్రీన్, 8 కుడి వైపు ఎల్‌ఈడీ, 9 క్యూలైన్ దగ్గరి ఎల్‌ఈడీ. 10 రికార్డర్, 11 స్ట్రీమింగ్ ఎన్‌కోడర్, 12 టీవీ వాళ్ల డీఎస్‌ఎన్‌జీ (శాటిలైట్ ద్వారా పంపే) వ్యాన్, 13 మన ఇంజినీరింగ్ మానిటర్. ఇన్‌పుట్లు 1 నుంచి 6 కెమెరాలు, 7 ప్లేబ్యాక్ లాప్‌టాప్, 8 గ్రాఫిక్స్, 9 మిక్సర్ ప్రోగ్రామ్, 10 పేర్లూ లోగోలూ లేని క్లీన్ ఫీడ్, 11 కలర్ బార్స్ (టెస్టింగ్‌కి వాడే రంగు చారలు).

11 దగ్గర చాలామంది "బార్స్‌కి ఒక పోర్టు వేస్టు చేయాలా" అంటారు. చేయాలి. అవతల వ్యాన్ వాళ్లకు లైన్ చూపించాలన్నా, ఏ కేబుల్ చచ్చిందో తేల్చాలన్నా, కదలకుండా ఎప్పుడూ ఉండే సోర్స్ ఒకటి కావాల్సిందే.

పేర్లు చిన్నగా పెట్టండి. పాత ప్యానెళ్లలో ఎనిమిది అక్షరాలకు మించి కనపడవు. "క్యూలైన్ ఎల్‌ఈడీ స్క్రీన్ సౌత్" అని పెడితే ప్యానెల్ మీద సగం దగ్గర తెగి, రెండు స్క్రీన్లు ఒకే పేరుతో కనపడతాయి. తేడా చూపించే మాట పేరు మొదట్లోనే ఉండాలి. పోర్టు నంబర్‌ని బీఎన్‌సీ దగ్గర టేపు మీద, కేబుల్ అవతలి కొస మీద కూడా రాయండి. ఇది బోర్ కొట్టే పనే, కానీ రాత్రి పదకొండింటికి మిమ్మల్ని కాపాడేది ఇదే.

రెండో అడుగు: రిఫరెన్స్

రౌటర్ వెనక రిఫరెన్స్ అని ఒక బీఎన్‌సీ ఉంటుంది, మన దగ్గర చాలా పెట్టెల్లో అది ఖాళీగానే పడి ఉంటుంది. అక్కడ సింక్ జనరేటర్ (అన్ని పరికరాలకూ ఒకే టైమింగ్ ఇచ్చే పెట్టె) నుంచి బ్లాక్ బర్స్ట్ గానీ ట్రై-లెవెల్ సింక్ గానీ (రెండూ టైమింగ్ సిగ్నళ్లే) ఇస్తే, రౌటర్ మీ కమాండ్ రాగానే ఎక్కడపడితే అక్కడ కోయకుండా, బొమ్మ లేని వర్టికల్ ఇంటర్వల్‌లో మారుస్తుంది. ఎక్కడ మార్చాలో ఎస్‌ఎంపీటీఈ (వీడియో ప్రమాణాలు రాసే సంస్థ) ఆర్‌పీ 168 చెబుతుంది: 1080ఐ అయితే లైన్ 7, రెండో ఫీల్డ్‌లో 569. మన పాత 625 లైన్ల ఎస్‌డీకి లైన్ 6, రెండో ఫీల్డ్‌లో 319.

రిఫరెన్స్ ఇచ్చేశాం కదా అని సంతోషపడకండి. కెమెరాలు కూడా అదే సింక్‌కి జెన్‌లాక్ అయి (అదే టైమింగ్ పట్టుకుని) ఉంటేనే ఆ కోత శుభ్రంగా వస్తుంది. ఒక కెమెరా లాక్ అయి, ఇంకోటి హ్యాండీక్యామ్ నుంచి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ మీదుగా దాని ఇష్టం వచ్చిన టైమింగ్‌లో వస్తుంటే, మార్చిన ప్రతిసారీ అవతలి పరికరం మళ్లీ లాక్ పట్టుకోవాలి, ఎల్‌ఈడీ ప్రాసెసర్ అయితే ఒక క్షణం నల్లగా కూడా అవ్వొచ్చు. అందుకే నా రూలు ఏంటంటే, జనం చూస్తున్న దారిలో మార్పు మిక్సర్ మీద చేయండి, రౌటర్ మీద కాదు. ఎల్‌ఈడీకి ప్రోగ్రామ్ ఇచ్చేసి వదిలేయండి. తప్పదనుకుంటే ఆ దారిలో ఫ్రేమ్ సింక్రనైజర్ (వచ్చిన బొమ్మను మన సింక్ టైమింగ్‌కి సర్దే పెట్టె) ఒకటి పెట్టండి.

మూడో అడుగు: కంట్రోల్ లైను

రౌటర్‌తో మాట్లాడే దారులు సాధారణంగా మూడు. ముందున్న బటన్ల ప్యానెల్, ఈథర్‌నెట్, పాత పెట్టెల్లో అయితే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు. సీరియల్ అంటే ఎక్కువగా ఆర్‌ఎస్-422. పెద్ద స్టూడియోల నుంచి వచ్చిన పెట్టెలు చాలావాటిలో ప్రో-బెల్ వాళ్ల ఎస్‌డబ్ల్యూ-పీ-08 ప్రోటోకాల్ (రౌటర్‌కి కమాండ్లు చెప్పే భాష) దొరుకుతుంది, దాని మామూలు వేగం 38400 బాడ్. కనెక్ట్ అవ్వకపోతే ముందు ట్రాన్స్‌మిట్, రిసీవ్ జతలు తారుమారయ్యాయేమో చూడండి, తర్వాత బాడ్ రేటు, ఆ తర్వాతే రౌటర్‌ని అనుమానించండి.

ఈథర్‌నెట్ అయితే రౌటర్‌కి కదలని ఐపీ ఒకటి పెట్టండి. ఉదాహరణకు రౌటర్ 192.168.10.50, లాప్‌టాప్ 192.168.10.20, రెండిటికీ మాస్క్ 255.255.255.0. లాప్‌టాప్‌లో వైఫై కూడా అదే రేంజ్‌లో ఉంటే ప్యాకెట్లు ఎటు పోతాయో చెప్పలేం, కాబట్టి పని జరుగుతున్నంతసేపు వైఫై ఆపేయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. కంట్రోల్ నెట్‌వర్క్‌ని ఫంక్షన్ హాల్ వైఫైకి కలపకండి. బ్లాక్‌మ్యాజిక్ వీడియోహబ్ లాంటి పెట్టెలకు పాస్‌వర్డ్ అడిగే ప్రోటోకాల్ లేదు, పోర్టు దొరికినవాడు ఎవడైనా రూట్ మార్చగలడు. కావాలని ఎవరూ చేయకపోవచ్చు, కానీ పెళ్లికొడుకు తమ్ముడి ఫోన్‌లో కంట్రోల్ యాప్ ఉందనుకోండి, ఆ టెన్షన్ మనకెందుకు. చిన్న నెట్‌వర్క్ స్విచ్ ఒకటి విడిగా పెట్టి రౌటర్, లాప్‌టాప్, ప్యానెల్ దానికే తగిలించండి.

నాలుగో అడుగు: రౌటర్‌తో నేరుగా మాట్లాడటం

మీకు సాఫ్ట్‌వేర్ ప్యానెల్ ఉన్నా సరే, ఇది ఒక్కసారి చేతితో చేసి చూడండి. యాప్ పనిచేయని రోజు దారి ఇదే, పైగా లోపల ఏం జరుగుతోందో కళ్లకు కనపడుతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది వీడియోహబ్ కాబట్టి దాని భాషే చెబుతాను.

పుట్టీ లాంటి ప్రోగ్రామ్ తెరిచి, కనెక్షన్ రకం దగ్గర "రా" ఎంచుకుని, రౌటర్ ఐపీ, పోర్టు 9990 ఇవ్వండి. కనెక్ట్ అవ్వగానే మీరు ఏమీ అడక్కుండానే అది తన జాతకమంతా చెప్పేస్తుంది: ప్రోటోకాల్ వెర్షన్, మోడల్ పేరు, ఎన్ని ఇన్‌పుట్లు, ఎన్ని అవుట్‌పుట్లు, అన్ని లేబుళ్లు, ఏవి లాక్ అయి ఉన్నాయి, చివరికి ఏ అవుట్‌పుట్‌కి ఏ ఇన్‌పుట్ పోతోంది. ఈ మొత్తాన్ని డంప్ అంటారు.

ఇప్పుడు వేదిక ఎడమ ఎల్‌ఈడీకి, అంటే అవుట్‌పుట్ 7కి, కెమెరా 3 ఇవ్వాలనుకుందాం. పంపాల్సింది ఇదే, అక్షరాలు మాత్రం ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో:

వీడియో అవుట్‌పుట్ రౌటింగ్:
6 2

ఆ తర్వాత ఒక ఖాళీ లైను. ఖాళీ లైను కొట్టేదాకా రౌటర్ ఉలకదు పలకదు, "పనిచేయట్లేదు" అని చాలామంది ఆగిపోయేది అక్కడే.

7, 3 కాకుండా 6, 2 ఎందుకంటే ఈ ప్రోటోకాల్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, పెట్టె వెనక అచ్చేసిన నంబర్లు 1 నుంచి మొదలవుతాయి. ప్రతిసారీ ఒకటి తీసేయాలి. ఇంకో తిరకాసు, ముందు రాసేది అవుట్‌పుట్, తర్వాత ఇన్‌పుట్. "కెమెరా 3ని స్క్రీన్ 7కి" అని మన నోరు పలికే వరుసకి ఇది తిరగబడి ఉంటుంది. క్వార్ట్జ్ అనే ఇంకో ప్రోటోకాల్‌లో కూడా డెస్టినేషనే ముందు వస్తుంది. అందుకే కాగితం మీద డెస్టినేషన్ జాబితా ముందు రాయమన్నాను.

రౌటర్ జవాబు రెండు ముక్కలుగా వస్తుంది. మొదట "ఏసీకే" అనే మూడక్షరాలు, అంటే నువ్వు చెప్పింది అర్థమైంది అని. అర్థం కాకపోతే "ఎన్ఏకే" వస్తుంది. కొత్తవాళ్లు ఏసీకే చూడగానే పని అయిపోయింది అనుకుంటారు. కాలేదు. పని అయ్యాక, నిజంగా మార్పు జరిగితే, రౌటర్ మళ్లీ అదే శీర్షికతో "6 2" అని తిరిగి పంపుతుంది. అది వచ్చాకే స్క్రీన్ మారినట్టు లెక్క. అనుమానం ఉంటే శీర్షిక మాత్రం రాసి, కింద ఏమీ రాయకుండా ఖాళీ లైను కొట్టండి, ఇప్పుడున్న రూట్ల జాబితా మొత్తం ఇస్తుంది. ఇంకెవరైనా వేరే ప్యానెల్ నుంచి మార్చినా ఆ కబురు మీ కిటికీలో కూడా వచ్చి పడుతుంది, కాబట్టి పని జరుగుతున్నంతసేపు దాన్ని ఒక మూల తెరిచి పెట్టుకోవడం మంచిది.

ఇది రోజూ చేతితో కొట్టమని కాదు. స్ట్రీమ్ డెక్ (మనకు కావాల్సిన పని పెట్టుకునే బటన్ల పెట్టె) ఉన్నవాళ్లు కంపానియన్ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు, అందులో వీడియోహబ్ మాడ్యూల్ ఉంది. బటన్ రంగు రౌటర్ తిరిగి చెప్పినదాన్ని బట్టి మారేలా పెట్టుకోండి, నొక్కగానే మారేలా కాదు. నొక్కగానే పచ్చగా వెలిగే బటన్ కంటే అసలు వెలగని బటనే నయం.

ఐదో అడుగు: లాకులు

ఏది లాక్ చేయాలో తేల్చడం తేలికే: తప్పు జరిగితే తర్వాత దిద్దుకోలేనివన్నీ. రికార్డర్, ఎన్‌కోడర్, డీఎస్‌ఎన్‌జీ. వీటికి ప్రోగ్రామో క్లీన్ ఫీడో ఇచ్చి, చూసుకుని, లాక్ వేసేయండి. వీడియోహబ్‌లో లాక్ స్థితి ఒక్క అక్షరంతో కనపడుతుంది: యూ అంటే తెరిచి ఉంది, ఓ అంటే మీరే వేశారు, ఎల్ అంటే ఇంకో కంప్యూటర్ నుంచి వేశారు. ఈ ఎల్ గురించి తెలియకపోతే ఏమవుతుందో చూడండి, ఇలాంటి సంభాషణ ఏ వ్యాన్‌లోనైనా వినపడుతుంది:

"అన్నా, క్యూలైన్ స్క్రీన్‌లో ఇంకా ఐదో కెమెరానే వస్తాందంట."

"ప్రోగ్రామ్ కొట్టినా కదరా ఇప్పుడే."

"కొట్టినావు సరే, రౌటర్ ఏం చూపిస్తాంది?"

"ఐదే ఉండాది. పక్కన తాళం బొమ్మ ఉండాది."

పొద్దున టెస్టింగ్‌లో ఎవరో వేరే లాప్‌టాప్ నుంచి లాక్ వేసి, తీయకుండా లాప్‌టాప్ మూసుకుని పోయుంటారు. లాక్ వేసినవాళ్ల పేరు కాగితం మీద ఆ డెస్టినేషన్ పక్కనే రాయడం అలవాటు చేసుకుంటే ఇది రాదు. బలవంతంగా తీసే వీలు చాలా రౌటర్లలో ఉంటుంది, కానీ ఎందుకు వేశారో అడగకుండా తీయకండి.

ఆరో అడుగు: సాల్వో

ఒకేసారి మార్చడానికి ముందే సిద్ధం చేసుకున్న రూట్ల గుంపును సాల్వో అంటారు. వీడియోహబ్ భాషలో ఇందులో పెద్ద మాయ ఏమీ లేదు, ఒకే శీర్షిక కింద ఎక్కువ లైన్లు రాయడమే. మూడు ఎల్‌ఈడీలకూ ప్రోగ్రామ్ ఇవ్వాలంటే:

వీడియో అవుట్‌పుట్ రౌటింగ్:
6 8
7 8
8 8

మళ్లీ ఖాళీ లైను. కనీసం మూడు సాల్వోలు చేసి పెట్టుకోండి. అన్నిటికీ బార్స్ పంపేది ఒకటి, టెస్టింగ్‌కి. కార్యక్రమం మామూలుగా నడిచేటప్పటిది ఒకటి. మూడోది అత్యవసరానికి: మిక్సర్ చచ్చిపోతే, ఎల్‌ఈడీలకూ ఎన్‌కోడర్‌కూ వైడ్ కెమెరాని నేరుగా ఇచ్చేది. మిక్సర్ రీస్టార్ట్ అయ్యేదాకా జనానికి వైడ్ షాట్ అయినా కనపడుతుంది, నల్ల స్క్రీన్ కంటే వెయ్యి రెట్లు మేలు. ఈ మూడోదాన్ని తయారుచేసి ఊరుకోకుండా జనం రాకముందే ఒకసారి నిజంగా మిక్సర్ ఆపి చూడండి. ఎన్‌కోడర్‌కి లాక్ వేసి ఉంటే ఈ సాల్వో దాన్ని మార్చలేదు, లాక్ వేసిన లాప్‌టాప్ నుంచే ముందు తీసి తర్వాత పంపాలి. ఆ సంగతి టెస్టింగ్‌లోనే బయటపడాలి.

ప్యానెల్‌లో "టేక్" బటన్ (సోర్స్ ఎంచుకున్నాక ఇది నొక్కితేనే మార్పు జరుగుతుంది) ఉంటే వాడండి. సోర్స్ నొక్కగానే మారిపోయే డైరెక్ట్ మోడ్ చూడ్డానికి హుషారుగా ఉంటుంది గానీ, ఇరుకు వ్యాన్‌లో మోచెయ్యి తగిలినా మారిపోతుంది.

లెవెల్స్ గురించి రెండు ముక్కలు. పాత పెద్ద రౌటర్లలో వీడియో, ఆడియో, టైమ్‌కోడ్ విడివిడి లెవెల్స్‌గా ఉంటాయి, వీడియో ఒక చోటు నుంచి, ఆడియో ఇంకో చోటు నుంచి తీసుకునే బ్రేక్‌అవే కుదురుతుంది. చిన్న ఎస్‌డీఐ పెట్టెల్లో ఆడియో వీడియోలోనే పొదిగి వస్తుంది, హెచ్‌డీలో 16 చానళ్ల దాకా. కాబట్టి ఎల్‌ఈడీకి కెమెరా ఇచ్చి, ఆ లైన్‌లోనే నాదస్వరం రావాలంటే రాదు, కెమెరా మైక్ మాత్రమే వస్తుంది.

బొమ్మ రాకపోతే

వరుస తప్పకుండా చూడండి. రౌటర్ చెప్పిన రూట్ సరైనదేనా? సరైతే ఆ అవుట్‌పుట్‌కి బార్స్ ఇవ్వండి. బార్స్ వస్తే తప్పు ఇన్‌పుట్ వైపు, రాకపోతే అవుట్‌పుట్ వైపు. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది. ఇన్‌పుట్ వైపు అయితే అదే సోర్స్‌ని ఇంజినీరింగ్ మానిటర్‌కి ఇచ్చి చూడండి, మానిటర్ మీద ఏ ఫార్మాట్ వస్తోందో కూడా కనపడుతుంది. త్రీజీలో లెవెల్ ఏ, లెవెల్ బీ అని రెండు రకాలున్నాయి, బీ తీసుకోని మానిటర్లు ఉన్నాయి.

కేబుల్ పొడవు దగ్గర డిజిటల్ మోసం చేస్తుంది. అనలాగ్‌లో బొమ్మ మెల్లగా పాడయ్యేది, ఇక్కడ చివరిదాకా అద్దంలా ఉండి, కాస్త చుక్కలు మెరిసి, ఉన్నట్టుండి పోతుంది. మంచి ఆర్‌జీ-6 రకం 75 ఓమ్‌ల కేబుల్ మీద హెచ్‌డీ సుమారు వంద మీటర్లు వెళ్తుంది, త్రీజీ అంతకంటే తక్కువ. సీసీటీవీ కోసం అమ్మే చవక కేబుల్‌తో ఆ లెక్క వేసుకోకండి. దూరం ఎక్కువైతే మధ్యలో రీక్లాకింగ్ చేసే డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్ గానీ ఫైబర్ గానీ పెట్టాలి.

మిక్సర్ ముందు రౌటర్ పెట్టినవాళ్లకు ఒక ప్రత్యేకమైన గొయ్యి ఉంది. మిక్సర్ ఇన్‌పుట్ 3కి రౌటర్‌లో కెమెరా 5 ఇచ్చేస్తే, మిక్సర్ మీద పేరు, కెమెరా మీద ఎర్ర టాలీ లైటు (ఆ కెమెరా ఇప్పుడు ప్రోగ్రామ్‌లో ఉందని చెప్పేది) రెండూ అబద్ధం చెబుతాయి. టాలీ సిస్టమ్ రౌటర్‌ని చదవగలిగేది అయితే సరే, లేకపోతే మిక్సర్ ఇన్‌పుట్లు ఆరింటికీ ఆరు కెమెరాలు నేరుగా ఇచ్చి లాక్ వేయండి, అవి కదలనక్కర్లేదు. పొరపాటున ప్రోగ్రామ్‌నే మిక్సర్ ఇన్‌పుట్‌కి ఇచ్చి ఆ బటన్ నొక్కితే బొమ్మ తనలో తాను తిరుగుతుంది, అదో సరదా, జనం చూడనంతవరకు.

ఇక మన ఎండలు. కడపలో మే నెలలో రేకుల షెడ్డు కింద ర్యాక్ పెడితే రౌటర్ ఫ్యాను గోల పెడుతుంది, పైనా కిందా ర్యాక్‌లో ఒక అర ఖాళీ వదలండి. జనరేటర్ మారేటప్పుడు వచ్చే ఆ ఒక్క క్షణం కరెంటు కోత కోసం రౌటర్‌నీ నెట్‌వర్క్ స్విచ్‌నీ యూపీఎస్ మీద పెట్టండి. రెండు పవర్ సప్లైలు ఉన్న పెట్టె అయితే రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చితే రెండు ఉండి లాభం లేదు. చాలా రౌటర్లు కరెంటు పోయి వచ్చాక పాత రూట్లతోనే లేస్తాయి, మీది అలా లేస్తుందో లేదో గోడౌన్‌లో ప్లగ్ పీకి చూసుకోండి.

కొత్తగా వస్తున్న ఐపీ రౌటింగ్, అంటే 2017లో మొదలై వచ్చిన ఎస్‌ఎంపీటీఈ 2110 ప్రమాణాలు, మన సైజు పనులకు ఇప్పుడే అక్కర్లేదు. అక్కడ క్రాస్‌పాయింట్ పెట్టె బదులు నెట్‌వర్క్ స్విచ్ ఉంటుంది, కనెక్షన్లు పెట్టడానికి ఎన్‌ఎంఓఎస్ ఐఎస్-05 లాంటివి వాడతారు, కానీ ఆపరేటర్ ముందున్న ప్యానెల్‌లో అవే సోర్సులు, అవే డెస్టినేషన్లు.

పని అయిపోయాక వైర్లు చుట్టే ముందు, 9990 పోర్టుకి మళ్లీ ఒకసారి కనెక్ట్ అయి, వచ్చిన డంప్ మొత్తాన్ని కాపీ చేసి, ఊరి పేరు, తేదీతో టెక్స్ట్ ఫైల్‌గా దాచుకోండి. లేబుళ్లు, రూట్లు అన్నీ అందులోనే ఉంటాయి. వచ్చే ఏడాది అదే చోట పని పడితే లేబుళ్ల భాగాన్నీ రౌటింగ్ భాగాన్నీ రౌటర్‌కి తిరిగి పంపితే సెటప్ నిమిషాల్లో పాత స్థితికి వస్తుంది. ఫైల్‌లో ఉండేవి పోర్టుల పేర్లూ నంబర్లే కాబట్టి, ఏ పోర్టుకి ఏ కేబుల్ తగిలించారో రాసిన ఆ కాగితాన్ని కూడా ఫోన్‌లో ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి.